మూగబోయిన ముల్లు



ఈ పుట తెరిచి చూచేవారికి నా టపాలలో సాధారణంగా ఎదురయ్యేవి ఛందస్సు, వ్యాకరణం, పాత పుస్తకాలు. ఈసారి వస్తువు వేరు. మోటారు పడవలో ఇంజను తిరిగే వేగాన్ని చూపే ఒక చిన్న మీటరు మొరాయించింది. లోపం ఎక్కడున్నదో కనుగొనడానికి మాకు మూడు వారాలు పట్టింది. ఆ కథే ఈ టపా. "తెలుగు పండితునికి పడవ ఇంజనుతో పనేమిటయ్యా?" అని మీరు అడగక మునుపే నన్ను నేను అడుగుకొన్నాను. సమాధానం చివరన దొరికింది గనుక చివరనే చెబుతాను.

గత వేసవిలో మా దంపతులం అమెరికాలో మా అబ్బాయి ఇంట నాలుగు నెలలు గడిపాము. వాడుండేది జార్జియా రాష్ట్రంలో, అట్లాంటా నగరానికి ఉత్తరాన ఫోర్సైత్ కౌంటీలో. ఆ చుట్టుపక్కల తెలుగువారు దండిగా ఉన్నారు. గోంగూరకూ తెలుగు మాటకూ లోటు లేదు. ఇంటికి దగ్గరలోనే లానియర్ సరస్సు ఉన్నది. పేరుకు సరస్సే గాని స్వయంభువు కాదు. చాటహూచీ నదికి అడ్డంగా 1950లలో అక్కడి సైన్యపు ఇంజనీర్ల విభాగం బ్యూఫోర్డ్ ఆనకట్ట కట్టగా ఏర్పడిన జలాశయం. విస్తీర్ణం సుమారు 38,000 ఎకరాలు. నీరు లోయలన్నిటిలోకీ పాకి, చెట్టుకొమ్మల వలె వందలాది పాయలుగా చీలినందువల్ల తీరరేఖ 690 మైళ్ళ దాకా సాగిందట.

నన్ను ఆకర్షించినది ఆ విస్తీర్ణం కాదు, ఆ పేరు. సిడ్నీ లానియర్ (1842-1881) ఒక కవి. ఆ నది మీదనే ఒక గీతం వ్రాసినవాడు. జలాశయాలకు నాయకుల పేర్లు వినడమే అలవాటైన నాకు, ఇంత నీటికి ఒక కవి పేరు పెట్టారని తెలియగానే ఒళ్ళు పులకరించింది. పైగా ఆయన వేణువాద్య నిపుణుడు. ఆంగ్ల పద్యపు నడకను సంగీతంలో కాలాన్ని కొలిచినట్లే కొలవాలని వాదిస్తూ 1880లో ఒక లక్షణ గ్రంథం ప్రకటించాడు. మాత్రా ఛందస్సు ఎరిగిన మనకు ఆ ఆలోచన పరాయిదిగా తోచదు. లెక్కపెట్టడమే లయకు మూలమన్న ఆయన పట్టుదలను, ఆయన పేరున్న నీటి మీదనే నేను మరొక విధంగా నేర్చుకోవలసి వచ్చింది.

ప్రకృతమనుసరామః.

మా అబ్బాయి రెండేళ్ళ క్రితం ఒక పాత పడవ కొన్నాడు. పదహారడుగుల అల్యూమినియం పడవ, వెనుక తగిలించిన అరవై అశ్వశక్తి ఇంజను. ఇంజనుకు ఇరవై యేళ్ళు దాటాయి. కార్బురేటరు కాలపు మనిషి, నా వంటిదే. కూర్చుని నడిపేచోట చక్రం ముందు ఒక గుండ్రని మీటరు. దాని పేరు టాకోమీటరు. నిమిషానికి ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతున్నదో చెప్పడం దాని విధి.

కోనసీమలో పుట్టి, గోదావరి పాయల మీద నావల్లో బడికి వెళ్ళిన నాకు మొదట అది అనవసరపు అలంకారంగానే కనిపించింది. మా రేవులో సరంగుకు మీటరెక్కడిది? చెవితోనే ఇంజను బాగోగులు చెప్పేవాడు. ఆ మాటే అంటే మా అబ్బాయి ఓపికగా వివరించాడు. రోడ్డు మీద చక్రం నేలను పట్టుకుంటుంది. నీటిలో పంకా జారుతూ తిరుగుతుంది. అందుచేత పడవ ఎంత వేగంగా పోతున్నదో చూచినంత మాత్రాన ఇంజను ఎంత శ్రమపడుతున్నదో చెప్పలేము. ఈ ఇంజను పుస్తకం ప్రకారం పూర్తి వేగంలో అది నిమిషానికి 5,000 నుండి 6,000 చుట్ల మధ్య తిరగాలి. అంతకు తక్కువైతే పంకా దానికి మోయలేని బరువని అర్థం. ఎక్కువైతే అదుపు తప్పి ఆయుస్సు తగ్గించుకొంటున్నదని అర్థం. ఈ తగవు తీర్చే మధ్యవర్తి ఆ మీటరే.

జూన్ నెలలో ఒక శనివారం మేము నలుగురం బయలుదేరాము. అబ్బాయి, నేను, పదకొండేళ్ళ మా మనుమరాలు, ఎండకు జడిసి గొడుగు వేసుకొన్న మా ఆవిడ. మనుమరాలు ఎక్కుతూనే తేలే జాకెట్టు తొడుక్కుంది. ఆ రాష్ట్రంలో పడవ కదులుతున్నంతసేపూ పదమూడేళ్ళ లోపు పిల్లలు దాన్ని తొడుక్కొని తీరాలి. గంటసేపు హాయిగా తిరిగాము. ఎదురుగా పెద్ద పడవ ఒకటి పోయి, దాని అల మీద మా పడవ రెండుసార్లు ఎగిరి పడింది. అప్పుడు మీటరు ముల్లు పూనకం వచ్చినట్లు ఊగింది. రెండు వేలు, అయిదు వేలు, వెయ్యి. ఆపైన సున్న దగ్గర కూలబడింది. ఇంజను మాత్రం ఏమీ ఎరగనట్లు నడుస్తూనే ఉన్నది.

"మీటరు పోయినట్టుంది నాన్నగారూ" అన్నాడు అబ్బాయి.

"పాతది కదా, పోదూ మరి!" అన్నాను నేను. ముల్లు తిరగనిది మీటరులో గనుక జబ్బు మీటరుదేనని ఇద్దరమూ క్షణంలో తీర్పు చెప్పేశాము.

కొత్త మీటరు తెప్పించాడు. మరుసటి శనివారం బిగించి నీటిలోకి దించాము. తాళం తిప్పగానే ముల్లు ఒక్కసారి ఉలిక్కిపడి సున్న మీద నిలిచింది. ఇంజను మొదలైంది. ముల్లు కదలలేదు. నేను వెంటనే అమ్మినవాడి నిజాయితీని శంకించాను. "ఈ రోజుల్లో కొత్త సరుకు కన్నా పాత సరుకే మేలు" అని ఒక సుభాషితం కూడా వదిలాను. ఎటూ వచ్చాము కదా అని ఆ పూట షికారు మానలేదు. దూరంగా ఒక పాయలోకి పోయి, చెట్టు నీడన ఇంజను ఆపి పులిహోర తిన్నాము. పాటలు వినడానికి ఒక పెట్టె, చేపల జాడ చూపే చిన్న తెర, రెండూ బ్యాటరీ మీద నడుస్తూనే ఉన్నాయి.

తిరుగు ప్రయాణానికి తాళం తిప్పితే ఇంజను మూలిగింది. రెండవసారి ఇంకా నీరసంగా మూలిగింది. పొద్దు వాలుతున్నది. చుట్టూ మరొక పడవ లేదు. మా అబ్బాయి ముఖంలో రంగు మారడం చూశాను. పాటల పెట్టె, తెర ఆపివేసి, కాసేపు ఆగి మూడవసారి తిప్పాడు. భగవంతుని దయ వల్ల అందుకుంది. ఒడ్డు చేరేదాకా ఎవరమూ మాట్లాడలేదు. ముల్లు మాత్రం సున్న దగ్గరే కూర్చుని మా వంక చూస్తున్నది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఇంజను పుస్తకం తెరిచాను. నిఘంటువు పక్కన పెట్టుకొని, కావ్యం చదివినట్లే ప్రతిపదార్థంతో చదివాను. అర్థమైనది నా మాటలలో చెబుతాను.

ఇంజను తల మీద ఒక బరువైన చక్రం ఉంటుంది, ఫ్లైవీల్ అంటారు. దాని లోపలి అంచున అయస్కాంతాలు అమర్చి ఉంటాయి. చక్రం లోపల కదలకుండా కూర్చున్న రాగితీగ చుట్టలు ఉంటాయి, వాటి పేరు స్టేటరు. అయస్కాంతాలు చుట్టూ తిరుగుతుంటే తీగలలో విద్యుత్తు పుడుతుంది. అది ఒకే దిక్కున పారేది కాదు. ఉత్తర ధ్రువం దాటినప్పుడొక దిక్కు, దక్షిణ ధ్రువం దాటినప్పుడు దానికి ఎదురు దిక్కు. మా ఇంజనులో పన్నెండు ధ్రువాలు. రెండు ధ్రువాలకొక ఆవృత్తి గనుక, చక్రం ఒక్క చుట్టు తిరిగితే ఆరు స్పందనలు. రెగ్యులేటరు అనే పెట్టె ఈ అటూఇటూ పారే విద్యుత్తును ఒకే దిక్కుకు మళ్ళించి, పధ్నాలుగు వోల్టుల చిల్లరకు మించకుండా అదుపు చేసి బ్యాటరీకి అందిస్తుంది. ఆ దారిలోనే ఒక బూడిదరంగు తీగ ఆ స్పందనలను మీటరుకు చేరవేస్తుంది. మీటరు చేసేదల్లా లెక్కపెట్టడం. వచ్చిన స్పందనలను ఆరు చేత భాగించి, చుట్లుగా మార్చి ముల్లుతో చూపుతుంది.

చదువుతూ చదువుతూ లేచి కూర్చున్నాను. ఇది గణ విభజన కాక మరేమిటి! గురులఘువులు ఒకదాని వెంట ఒకటి వస్తుంటే, వాటిని మూడేసిగా విడదీసి, ఏ గణమో పేరు పెట్టి, పాదం తేల్చడం. లెక్కించేవానికి తన సొంత అభిప్రాయమంటూ ఉండదు. అందినదానినే లెక్కిస్తాడు. ఏమీ అందకపోతే సున్న అంటాడు. ఆ సున్న అబద్ధం కాదు. "నాకేమీ అందడం లేదు" అనే నిజాన్ని తనకు తెలిసిన ఒకే ఒక భాషలో చెప్పడం.

మరునాడు ఉదయం ఈ సంగతి చెబితే మా అబ్బాయి నవ్వలేదు. "అయితే మొదటి నుంచీ వరుసగా చూద్దాం నాన్నగారూ" అని మల్టీమీటరు తీశాడు. పడవ ట్రెయిలరు మీద, ఇంటి ముందర. అన్నట్టు, ఇటువంటి ఇంజనును నేల మీద ఉత్తినే తిప్పకూడదు. చల్లబరచే నీరు అందక, లోపల నీళ్ళు తోడే రబ్బరు రెక్కలు మాడిపోతాయి. అందుకని నీరు పీల్చుకొనే రంధ్రాలకు రెండు రబ్బరు దొప్పలు తగిలించి, తోట గొట్టం కలిపి, వెనుక నుండి సన్నని నీటిధార చిమ్ముతున్నదని చూసుకొన్న తరువాతే పరీక్ష మొదలుపెట్టాడు. గేరు న్యూట్రల్‌లో ఉంచి, మనుమరాలిని పంకాకు దూరంగా నిలబెట్టాడు.

మీటరు వీపున మూడు ముఖ్యమైన తీగలు. ఆ దేశపు పడవలలో సాధారణంగా ఊదారంగుది తాళం తిప్పగానే విద్యుత్తు తెచ్చేది, నల్లది తిరుగుదారి, బూడిదరంగుది కబురు తెచ్చేది. ఊదాకూ నలుపుకూ మధ్య పన్నెండు వోల్టులు సరిగానే వస్తున్నాయి. అంటే మీటరుకు తిండి ఉన్నది. బూడిదరంగు తీగను ఇంజను దగ్గరి కొస నుండి మీటరు కొస దాకా పరీక్షిస్తే ఎక్కడా తెగలేదు. అంటే దారి ఉన్నది. ఇంజను తిప్పి ఆ తీగ మీద కొలిస్తే స్పందన లేదు. తిండీ ఉన్నది, దారీ ఉన్నది, కబురే బయలుదేరడం లేదు.

అప్పుడు నేను బ్యాటరీ మాట ఎత్తాను. నిన్న మూలిగినది అదే కదా. ఇంజను ఆపి కొలిస్తే 12.3 వోల్టులు. ఇంజను నడుస్తుండగా అది పధ్నాలుగు దరిదాపులకు ఎదగాలి. కొద్దిగా వేగం పెంచినా 12.2 దగ్గరే ఉండిపోయింది. ఇంజను బ్యాటరీకి దమ్మిడీ ఇవ్వడం లేదు. ఈ పాత ఇంజనులో నిప్పురవ్వకు వేరే తీగచుట్ట ఉన్నందున, ఒకసారి మొదలైతే బ్యాటరీతో పని లేకుండా నడుస్తుంది. ఆపితేనే మళ్ళీ మొదలవదు. రెండు వారాలుగా మేము బ్యాటరీలో దాచుకొన్న మూలధనం తింటున్నాము. చెట్టు నీడన పులిహోర తిన్న పూట అది అడుగంటింది.

రెగ్యులేటరుకు పోయే రెండు పసుపుపచ్చ తీగలను విడదీసి, కొద్ది క్షణాలు ఇంజను తిప్పి, వాటి మధ్య కొలిచాడు. స్టేటరు నుండి విద్యుత్తు పుష్కలంగా పుడుతున్నది. పుట్టుకలో దోషం లేదు. ఇక రెగ్యులేటరు. దాని లోపల డయోడ్లనే కవాటాలు ఉంటాయి, విద్యుత్తును ఒక దిక్కుకే పోనిచ్చి రెండవ దిక్కున అడ్డుకోవడం వాటి ధర్మం. పరీక్షిస్తే ఒక కవాటం రెండు దిక్కులా బార్లా తెరిచి ఉన్నది. దోషి దొరికాడు. బ్యాటరీకి అందవలసినదీ, మీటరుకు చేరవలసినదీ రెండూ అక్కడే దారి తప్పుతున్నాయి.

ఆడలేక మద్దెల ఓడన్నారు పెద్దలు. మేము అనవసరంగా మద్దెలనే మార్చాము. ఈ పడవలో బ్యాటరీ స్థితి చెప్పే మీటరు వేరే లేదు. ప్రమాదాన్ని ముందుగా చెప్పినది ఆ ముల్లు ఒక్కటే. దాన్ని పీకి అవతల పడేశాము. దాని స్థానంలో వచ్చిన కొత్తదీ అదే మాట చెబితే, దాని మీద కూడా అపనింద వేశాము.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే ఇది ఒక ఇంజను ముచ్చటగానే మిగిలేది. కాని మా అబ్బాయి మరొక ప్రశ్న వేశాడు. "రెగ్యులేటరు ఊరికే ఎందుకు పోతుంది? కారణం తెలియకుండా కొత్తది వేస్తే అదీ పోతుంది." పుస్తకంలో దానికీ జవాబు ఉన్నది. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఒక్క క్షణం ఊడినా, వదులై కొట్టుకొన్నా, పోవలసిన చోటు లేని విద్యుత్తు ఒక్కసారిగా ఎగసి రెగ్యులేటరును కాల్చివేస్తుందట. అబ్బాయి బ్యాటరీ పెట్టె మూత తీసి, ధన ధ్రువం మీద ఉన్న నట్టును వేలితో తాకాడు. అది తేలికగా తిరిగింది. ఒక చుట్టు, ఇంకొక అర చుట్టు.

దాన్ని వింగ్ నట్టు అంటారు. పానా అక్కర లేకుండా చేత్తోనే తిప్పడానికి వీలుగా రెండు చెవులుంటాయి.

"క్రిందటి యేడు నేనే బిగించాను, వదులైపోయినట్టుంది" అన్నాడు వాడు, తనలో తాను అనుకొన్నట్లు.

నేను ఏమీ అనలేదు.

మిత్రులారా, దాన్ని చివరిసారి బిగించినది వాడు కాదు, నేను. మొదటి షికారుకు మూడు రోజుల ముందు, బ్యాటరీ ఇంట్లో ఛార్జింగులో ఉన్నది. వాడు ఆఫీసు నుండి వచ్చేలోగా పని ముగించి ఆశ్చర్యపరుద్దామని నేనే దాన్ని మోసుకుపోయి పడవలో పెట్టి తీగలు తగిలించాను. నా కుడిచేతి వేళ్ళ కణుపులు కొంతకాలంగా పట్టు ఇవ్వడం లేదు. సుద్దముక్క పట్టిన వేళ్ళు. నట్టు పూర్తిగా బిగియలేదని నాకు ఆనాడే తెలుసు. పానా అడగడానికి నామోషీ అనిపించి, "చాలులే" అనుకొని మూత వేశాను. వాడు వచ్చి చూసి, "అరె, నాన్నగారూ, మీరే పెట్టేశారా!" అని మెచ్చుకొన్నాడు కూడా. ఇప్పుడు ఆ సంగతి వాడు మరచిపోయాడు. నేను మాట్లాడకపోతే ఎవరికీ తెలియదు.

ఆ మౌనంలో నాకు ఒక కుర్రవాడు గుర్తుకు వచ్చాడు.

1991లో కోనసీమలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల. పదవ తరగతి. ఉత్పలమాల లక్షణం చెప్పి, ఒక పద్యపాదం నోటితో చెప్పి, గణ విభజన చేయమన్నాను. అందరూ వ్రాస్తున్నారు. చివరి బల్ల మీది కుర్రవాడు లేచి, "మాస్టారండీ, ఇరవై అక్షరాలు రావాలి గదండీ, పద్దెనిమిదే వచ్చాయండి" అన్నాడు. చేపలు పట్టేవారి ఇంటి పిల్లవాడు. పద్యం వాడికి కొరుకుడు పడదని నేను ముందే నిర్ణయించుకొని ఉన్నాను. "లెక్క సరిగా చూసుకో" అన్నాను. వాడు మళ్ళీ లెక్కపెట్టి, మళ్ళీ పద్దెనిమిదే అన్నాడు. తరగతి నవ్వింది. పీరియడు అయ్యేదాకా బల్ల ఎక్కి నిలబడమన్నాను. నిలబడ్డాడు.

ఆ రాత్రి ఇంట్లో పుస్తకం తెరిచి చూస్తే, నేను చెప్పిన పాదంలో రెండక్షరాల మాట ఒకటి జారిపోయింది. వాడి లెక్క అక్షరాలా నిజం. నా నోటి నుండి బయలుదేరినవే పద్దెనిమిది. మిగతా పిల్లలు లెక్కించనైనా లేదు, భ ర న భ భ ర వ అని కంఠస్థం చేసినది దించారు, అంతే. తరగతి మొత్తంలో నిజం చెప్పినవాడు ఒక్కడే, వాడిని నేను బల్ల ఎక్కించాను. మరునాడు చెబుదామనుకొన్నాను. తరగతిలోకి వెళ్ళగానే నలభైమంది కళ్ళు చూసి నాలుక రాలేదు. ఇవాళ కాకపోతే రేపు, రేపు కాకపోతే ఎల్లుండి. వేసవి సెలవులు వచ్చాయి. ఆ తరువాత వాడు ఏ దారిన పోయాడో నాకు తెలియదు. వాడు మళ్ళీ ఎన్నడూ నా తరగతిలో లేచి ప్రశ్న అడగలేదన్నది మాత్రం తెలుసు. వాడి ముల్లు కూడా సున్న దగ్గర నిలిచిపోయింది.

మా అబ్బాయి పానా కోసం గరాజులోకి పోయాడు. వాడు తిరిగి వచ్చేలోగా మాట కూడగట్టుకొన్నాను.

"ఒరేయ్ నాయనా, ఆ నట్టు నువ్వు బిగించినది కాదు. మొన్న బ్యాటరీ పెట్టినది నేను. సరిగా బిగియలేదని తెలిసే వదిలేశాను. వేళ్ళు పట్టు ఇవ్వడం లేదు. నీతో చెప్పడానికి మొగమాటపడ్డాను. నిన్న పిల్లతో సహా మధ్యలో చిక్కుకుపోయేవాళ్ళం."

వాడు కాసేపు నట్టు వైపే చూశాడు. చిన్నప్పుడు పలక పగిలిన సంగతి దాచినందుకు వాడిని నేనెంత కోప్పడ్డానో వాడికి గుర్తున్నదో లేదో. నాకు మాత్రం గుర్తుకు వచ్చింది.

"మీ వేళ్ళు ఎప్పటి నుంచి నొప్పి నాన్నగారూ?" అన్నాడు.

నట్టు గురించి ఒక్క మాట లేదు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆ మరుసటి వారమే నన్ను వైద్యుని వద్దకు తీసుకుపోయాడు గాని, అది వేరే టపా. వింగ్ నట్టు తీసివేసి, పానాతో బిగించే ఆరు పలకల నట్టు, దాని కింద వదులు కాకుండా పట్టే వాషరు వేశాడు. మూడవ శనివారానికి కొత్త రెగ్యులేటరు వచ్చింది.

చివర ఒక చిన్న వినోదం. రెగ్యులేటరు బిగించి ఇంజను తిప్పగానే కొత్త మీటరు ముల్లు లేచింది. అందరమూ చప్పట్లు కొట్టాము. కాని నెమ్మదిగా తిరుగుతున్న ఇంజనుకు అది 1,100 పైన చూపుతున్నది. చెవికి అంత వేగంగా లేదు. మల్టీమీటరులో స్పందనలు కొలిచే వీలు ఉన్నది. బూడిదరంగు తీగ మీద క్షణానికి 75 చూపింది. మనుమరాలు కాగితం తెచ్చుకొని లెక్క కట్టింది. చుట్టుకు ఆరు స్పందనలైతే క్షణానికి పన్నెండున్నర చుట్లు, నిమిషానికి 750.

"తాతయ్యా, మీటరు ఒక్కొక్క చుట్టుకి ఆరు అనుకోవట్లేదు, నాలుగే అనుకుంటోంది. అందుకే ఒకటిన్నర రెట్లు చూపిస్తోంది!"

చూస్తే అదే నిజం. ఒకే మీటరు రకరకాల ఇంజనులకు పనికివచ్చేటట్లు వెనుక ఒక మీట ఉంటుంది, చుట్టుకు నాలుగా, అయిదా, ఆరా అని ఎంచుకోవడానికి. కొత్తది నాలుగు మీద ఉన్నది. చంపకమాలను ఉత్పలమాల కొలతతో కొలవబోయినట్లు! మీటను ఆరు మీదికి మారిస్తే ముల్లు బుద్ధిగా 750 దగ్గర నిలిచింది. అయినా మా మనుమరాలు పాత మీటరునే మళ్ళీ పెట్టాలని పట్టుబట్టింది. "అది తప్పు చేయలేదు కదా" అన్నది. పెట్టాము. ఇప్పటికీ అదే ఉన్నది. కొత్తది అటక మీద ఉన్నది.

ఎవరికైనా ఇటువంటి పాతకాలపు పడవ ఇంజనుతో పని పడితే నా అనుభవసారం ఇది. ముల్లు ఆగినంత మాత్రాన మీటరు మార్చకండి. మొదట బ్యాటరీ మీది నట్లు చేత్తో తాకి చూడండి. ఇంజను ఆపి ఒకసారి, నడిపి ఒకసారి బ్యాటరీ వోల్టులు కొలవండి. పెరగకపోతే జబ్బు విద్యుత్తు పుట్టే చోటో, మళ్ళించే చోటో ఉన్నది. పెరిగితే అప్పుడు తీగలు, ఆ తరువాత వెనుక ఉన్న మీట, అన్నిటికన్నా చివర మీటరు. నేను సరిగా దీనికి తలకిందులుగా నడిచాను, ఇంజను విషయంలోనూ, బడి విషయంలోనూ.

ఇక మొదట వాయిదా వేసిన ప్రశ్నకు సమాధానం. ఈ టపా వ్రాయడానికి కారణం ఇంజను కాదు. ఆ కుర్రవాడికి ఇప్పుడు నలభై తొమ్మిదో, యాభైయో ఉంటాయి. పేరు ఇక్కడ వ్రాయను. నలుగురిలో ఒకసారి నిలబెట్టినది చాలు. ఊరికి తిరిగి వచ్చాక వాకబు చేశాను, కుటుంబం ఊరు విడిచి చాలా యేళ్ళయిందన్నారు. తెలుగు అక్షరాలు తెరల మీద ఎక్కడెక్కడికో పోతాయంటారు గదా. ఎప్పుడైనా, ఎక్కడైనా అతని కంట పడితే ఈ ఒక్క వాక్యం చదివితే చాలు.

నాయనా, ఆ రోజు నీ లెక్క సరియే. పద్దెనిమిదే ఉన్నాయి. తప్పు నాది.

స్వస్తి.